ఏ నెలలో కొలుస్తావు

మా బండ్లన్నీ అవతలి గట్టున ఉంటాయి.
మేము ఈవల ఉంటాం.
ఖాజామొద్దీన్ టీ బంకులో దూలానికి కొట్టిన మేకులకు
పద్నాలుగు తాళంచెవులు వేలాడుతుంటాయి.
మేకు ఖాళీగా ఉంటే మద్దయ్య కర్నూలుకు పోయినట్టు.
మూడు దినాలు ఖాళీగా ఉంటే
పెద్దాసుపత్రిలో ఎవరో పండుకున్నట్టు.

పుట్టికి మనిషికి ఇరవై. మేకకు పది.
మేకపిల్లను ఒళ్లో పెట్టుకుంటే లెక్కలేదు.
బడిపిల్లోళ్ల దగ్గర కంబగిరి తీసుకోడు,
తెడ్డు వాళ్ల చేతికిచ్చి బీడీ ముట్టించుకుంటాడు.
గ్యాసుబండకూ పెండ్లికూతురికీ ఒకటే రేటు,
రెండూ కదలకుండా కూర్చోవాల అంటాడు.

ఈతల తిప్ప మొదట్లో దీవి కాదు సామీ.
మా నాయన కాలంలో చుట్టూరా చేన్లు,
కొర్ర, జొన్న, దిగువన ఏటికి పోయే బండ్లబాట.
కట్ట కట్టినంక నీళ్లొచ్చినాయి,
ఒక్క రాత్రిలో గాదు,
దినానికొక మెట్టు, కొలిచి పెట్టినట్టు.
ముందు కళ్లం పోయింది. తర్వాత పీర్లచావిడి.
పీర్లను తలమీద పెట్టుకొని
గుట్టెక్కినాడు మా చిన్నాయన.

మునిగిన ఇండ్లకు దుడ్లిచ్చినారు.
మా ఇండ్లు నీటిగీతకు మూడడుగులు పైనున్నాయని
మాకేమీ ఇయ్యలే.
మూడడుగులు.
నేను నిలబడితే నా నడుము దాకా.

నాకు మూడెకరాల డెబ్బై సెంట్లు.
పాస్‌బుక్కు సద్దల బానలో, ప్లాస్టిక్ కవర్లో ఉంది.
పుస్తకంలో ఆ చేను పన్నెండు నెలలూ ఉంటుంది.
శ్రావణం నుంచి మాఘం దాకా
దాంట్లో జిలేబి చేపలు తిరుగుతాయి.
ఫాల్గుణంలో నీళ్లు వెనక్కి నడుస్తాయి,
వాటి వెంబడే
దోసగింజలు చల్లుకుంటా మేమూ దిగుతాం.
గట్లు ఉండవు.
ఉలిగమ్మకూ నాకూ ఏటేటా ఒకటే కొట్లాట:
ఆ నల్లగుండు నాది, కాదు నాది.
అరిచి అరిచి, అలిసి,
ఆ గుండు మీదనే కూర్చొని వక్కాకు వేసుకుంటాం.

పోయిన కార్తీకంలో ఒకాయన వచ్చినాడు,
నారింజరంగు కోటు ఊపిరాడనంత బిగించుకొని.
పుట్టిలో కాళ్లు యాడ పెట్టాలో తెలీక
నిలబడే బయలుదేరినాడు.
కంబగిరి ఏమీ అనలే.
నీళ్లే కూర్చోబెట్టినాయి.

ఏసీ గుడిసెలు వేస్తాడంట.
‘ఈ వ్యూ బాగుందమ్మా’ అని వేలు చూపించినాడు.
వేలు నా చేను మీద ఉంది,
నీళ్ల కింద, ఎండకు మెరుస్తా.
‘సెంటు ఎంతకిస్తావు?’
‘ఏ నెలలో కొలుస్తావు సామీ?’ అంటి.
నవ్వులాటకు అనలే.
ఇప్పుడు కొలిస్తే నలభై సెంట్లు.
వైశాఖంలో అయితే మూడు డెబ్బై.
కృష్ణ ఎండిన ఏడు కొలిస్తే
మా నాయన తవ్వించిన బాయి దాకా.

ఆయన ఫోన్‌లో ఏందో కొట్టుకున్నాడు.
సిగ్నల్ లేదు.
పీర్ల రాయి ఎక్కితే దొరుకుతుందని
మా మనవరాలు చెప్పె.
ఎక్కినాడు. నాలుగు దిక్కులూ చూసినాడు.
చానాసేపు దిగలే.

దాచిపెట్టేదేముంది,
పోయేముందు ఆయన చెప్పిన అంకెను
ఆ రాత్రంతా పక్కలో పెట్టుకొని పండుకున్నా.
నందికొట్కూరులో రెండు గదులు.
మనవరాలికి వాకిట్లో ఆగే బస్సు.
వానొస్తే పుట్టి కోసం అరవాల్సిన పనిలేదు.
తెల్లారి ఇచ్చేద్దామనే లేచినా.
ఫాల్గుణంలో టేపు తెస్తానని
అప్పటికే గట్టు దాటిపోయినాడు.

ఇప్పుడు చైత్రం.
ఆయన మర్చిపోయిన కోటు పుట్టిలోనే ఉంది,
మేకపిల్లలకు పరుపు.
ఖాజామొద్దీన్ దూలానికి పదిహేనో మేకు కొట్టినాడు,
వస్తే కారు తాళం పెట్టుకుంటాడులే అని.

నిన్న నల్లగుండు తల బయటపెట్టింది.
గింజల మూట చంకనేసుకొని దిగితే
ఉలిగమ్మ నాకంటే ముందే పోయి
దాని మీద కూర్చోనుంది.